మన నిచ్చెనతోనే ఎక్కాడు

ఆ రోజు పొద్దున ఆరున్నరకు షెడ్డు తాళం తీసింది నేనే. తాళం వేసింది వేసినట్టే ఉంది. గొళ్ళెం మీద చిన్న గీత కూడా లేదు. తలుపు తోస్తే లోపలంతా వెలుతురు. లైటు ఆపడం మర్చిపోయారేమో అనుకుని తల పైకెత్తితే, కప్పు మీద ఒక రేకు లేదు. అందులోంచి ఎండ పడుతోంది.

కాంక్రీటు కుదించే వైబ్రేటర్లు రెండు, ఒక హ్యామర్ మిషను, కటింగ్ మిషన్లు, వెల్డింగ్ కేబుల్ మొత్తం పోయాయి. బయట పేర్చి ఉన్న సెంట్రింగ్ షీట్లలో, అంటే స్లాబు పోసేటప్పుడు కింద పరిచే ఇనప పలకల్లో, నలభై లేవు. వెనక్కి వెళ్ళి చూస్తే మా ఇనప నిచ్చెన గోడకు ఆనించి ఉంది. రేకుకు బిగించిన స్క్రూలు పిట్టగోడ మీద వరసగా పెట్టి ఉన్నాయి, వాషర్లతో సహా. మా మేస్త్రీ ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టాడు, పద్నాలుగు. "మన పిల్లోళ్ళ కంటే నీటుగా విప్పినాడన్నా" అన్నాడు. విప్పిన ఎనిమిదో నంబరు బాక్సు స్పానరు కూడా అక్కడే ఉంది. అది మా మిక్సర్ మిషనుకు తగిలించిన సంచిలోది.

అంటే ఆ దొంగ చేతులూపుకుంటూ వచ్చాడు. అర్ధరాత్రి గడ్డపార భుజాన వేసుకుని రోడ్డు మీద పోతే బీటు కానిస్టేబులు ఆపుతాడు. ఉత్త చేతులతో పోయేవాణ్ణి ఎవరు ఆపుతారు? కావలసినవన్నీ మన యార్డులోనే దొరుకుతాయని వాడికి తెలుసు. నాకే తెలియలేదు.

నాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే యార్డు. పక్కనే రెండు రేకుల షెడ్లు. ఆ దెబ్బ తర్వాత యార్డును ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాను. కొన్ని పనికొచ్చాయి, కొన్ని డబ్బు దండగ. వెల్డింగ్ అంగడి, గ్రానైట్ కటింగ్, బోరు బండ్ల సామాను, ఏది పెట్టుకున్నవాళ్ళకైనా ఇందులో కొంత పనికొస్తుంది.

ముందు ఒక రాత్రి మీరే దొంగగా వెళ్ళండి

ఇది పైసా ఖర్చులేని పని. రాత్రి పదకొండు దాటాక, తాళంచెవులు ఇంట్లో పెట్టి, యార్డు దగ్గరికి పోండి. కాపలా మనిషికీ, పక్కవాళ్ళకూ ముందే చెప్పండి, లేకపోతే తన్నులు తింటారు. నాకు మోకాళ్ళ నొప్పులు. అందుకని మా మేనల్లుణ్ణి పంపాను. గేటు ముందు బండి మీద కూర్చుని టీ తాగుతున్నాను. టీ సగం కాకముందే ఫోన్ వచ్చింది. "మామా, నేను లోపల ఉండా. షెడ్డు పైకి ఎక్కమంటావా?"

ఎట్లా వెళ్ళాడయ్యా అంటే, క్యూరింగ్ నీళ్ళ కోసం గోడ పక్కన పెట్టిన డ్రమ్ము ఎక్కాడు, అక్కడినుంచి వేపకొమ్మ పట్టుకుని లోపలికి దిగాడు. లోపల దిగడానికి ఇటుకల గుట్ట మెట్ల మాదిరి ఉంది. ఆ డ్రమ్ము అక్కడ నాలుగేళ్ళుగా ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను.

మర్నాడు చేసిన పని ఇదే. గోడకు లోపలి వైపూ, బయటి వైపూ ఆరడుగుల మేర ఏదీ పేర్చకుండా ఖాళీ చేయించాం. కొమ్మ కొట్టించాం. కర్రలు, పలకలు, పైపులు అన్నీ యార్డు మధ్యకు చేర్చాం.

గోడ గురించి ఒక మాట. అందరూ ఎనిమిదడుగుల గోడ కట్టి పైన గాజుపెంకులు పెట్టమంటారు. నాకు నచ్చదు. దొంగ ఒకసారి గోడ దూకితే ఆ తర్వాత ఆ గోడ వాడికే కాపలా. లోపల తెల్లారిందాకా కోసుకున్నా రోడ్డు మీద పోయేవాళ్ళకు కనపడదు. నేను రోడ్డు వైపు మూడడుగుల గోడ, దాని మీద జాలీ కంచె, ఆ పైన మూడు వరసల ముళ్ళ తీగ వేయించాను. ఎదురుగా టీ అంగడి అక్కకు నా షెడ్డు తలుపులు రెండూ కనిపిస్తాయి. ఆమె పొద్దున నాలుగింటికే పొయ్యి ముట్టిస్తుంది. ఆమె కళ్ళు నా కెమెరాల కంటే నయం.

కంచెకు కరెంటు మాత్రం ఇవ్వొద్దు. చిత్తూరు వైపు పొలాల్లో అడవిపందుల కోసం తీగలకు కరెంటు పెట్టి మనుషులు, ఏనుగులు కూడా చచ్చిపోయిన సంగతి పేపర్లో చదువుతూనే ఉంటాం. దొంగ చచ్చినా, బంతి కోసం దూకిన పిల్లోడు చచ్చినా కేసు మన మీదే.

సామాను కంటే ముందు పనిముట్లకు తాళం

మామూలుగా మనం రేటు చూసి దాచుకుంటాం. ఎక్కువ ఖరీదైనది లోపల, తక్కువది బయట. అది తప్పు. దొంగ చేతికి ఏది ఆయుధమవుతుందో అది ముందు లోపలికి పోవాలి. నిచ్చెన, గడ్డపార, సమ్మెట, కటింగ్ మిషను, గ్యాస్ కట్టరు, బోల్టు కట్టరు, స్పానర్ల సంచి, ఎక్స్‌టెన్షన్ బాక్సు. వీటిలో ఒక్కటి బయట ఉన్నా మిగతా తాళాలన్నీ దండగే.

నిచ్చెన పొడుగు, షెడ్డులో పట్టదు అంటారు. పట్టకపోతే గోడకు రెండు కొక్కేలు పెట్టి అడ్డంగా పడుకోబెట్టి, మెట్ల మధ్యగా గొలుసు దూర్చి తాళం వేయండి.

రెండో షెడ్డులో ఒక ఇనప పెట్టె చేయించాను. 3 ఎంఎం ప్లేటు, నాలుగడుగుల పొడుగు. కింద కాంక్రీటు గచ్చులోకి లోపలినుంచి నాలుగు యాంకర్ బోల్టులు. పెట్టె మూత తీస్తే తప్ప ఆ బోల్టులు కనపడవు. చేతి మిషన్లన్నీ రాత్రి అందులోకే. కప్పు విప్పి దిగినా ఇంకో తాళం ఎదురవుతుంది. దాన్ని కోసే మిషను ఆ పెట్టె లోపలే ఉంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

మిక్సర్ మిషను ఎత్తుకుపోవడం కష్టం గానీ ఈడ్చుకుపోవచ్చు. దాన్ని రాత్రిపూట పెద్ద షెడ్డు తలుపుకు అడ్డంగా పెట్టి, చక్రానికి గొలుసు వేస్తాం. పొద్దున తీయడం చాకిరీనే. పిల్లోళ్ళు సణుగుతారు. సణగనీ.

తలుపు, షట్టరు, కప్పు

తాళంకప్పకు పదిహేను వందలు పెట్టి, గొళ్ళేనికి నలభై రూపాయలు పెట్టేవాళ్ళు చాలామంది. నేనూ అదే బాపతు. తాళం ఎంత గట్టిదైనా, అది తగిలించే అడ్డగడియ, అంటే ఆల్‌డ్రాప్ నాలుగు చిన్న స్క్రూల మీద వేలాడుతుంటే గడ్డపార మొన పెట్టి ఒక్క తోపు తోస్తే చాలు. స్క్రూలు తీసేసి, తలుపు అవతలిదాకా పోయే గుండుతల బోల్టులు వేయించండి. నట్లు లోపలి వైపు ఉండాలి. బిగించాక నట్టు మీద ఒక వెల్డింగ్ చుక్క పెట్టించండి. ఇనప తలుపైతే నేరుగా వెల్డింగే.

తలుపు బందులు బయటికి ఉంటే వాటినీ చూసుకోండి. తాళం జోలికి పోకుండా బందుల పిన్ను పైకి తట్టి తలుపునే పక్కన పెట్టేస్తారు. పిన్ను రెండు కొనలకూ వెల్డింగ్ చుక్క వేస్తే ఆ దారి మూసుకుంటుంది.

తాళంకప్పకు నేను చేయించినదాంట్లో బాగా పనికొచ్చింది ఒక పైపు ముక్క. నాలుగంగుళాల పైపు జానెడు కోయించి, ఆల్‌డ్రాప్ చుట్టూ నిలువుగా వెల్డింగ్ చేయించాను. పైన మూత. తాళంకప్ప దాని లోపల ఉంటుంది. కింద నుంచి చెయ్యి పెట్టి, తడుముకుని తాళంచెవి తిప్పాలి. బోల్టు కట్టరు దవడలు అందులో దూరవు. సమ్మెటతో కొట్టడానికి తాళం దొరకదు. మొదటి వారం నన్ను నేనే తిట్టుకున్నాను, తర్వాత చేతికి అలవాటైంది. వానాకాలంలో మాత్రం చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడండి. ఒక కార్తీక మాసంలో లోపల తేలు ఉంది.

షట్టరుకు రెండు పక్కలా తాళాలు వేసి ఊరుకుంటాం. మధ్యలో జాకీ పెట్టి తిప్పితే షట్టరు పొట్ట ఉబ్బినట్టు పైకి లేస్తుంది, మనిషి దూరేంత సందు వస్తుంది. మాదేమో సెంట్రింగ్ యార్డు. స్లాబునే మోసే జాకీలు వందల్లో ఉన్నాయి, వాటికి షట్టరు ఒక లెక్కా? అందుకని మధ్యలో గచ్చులోకి ఒక కొక్కెం పాతించి మూడో తాళం వేయించాను. జాకీలన్నిటికీ కట్టలు కట్టి, గొలుసు దూర్చాం.

ఇక కప్పు. రేకుల స్క్రూలు బయటినుంచి స్పానరుతో విప్పేవే. వాటిని మార్చి లాభం లేదు, కింద అడ్డం పెట్టాలి. రేకులను మోసే అడ్డ ఇనుముల (పర్లిన్ల) అడుగున 10 ఎంఎం కమ్మీలు ఆరంగుళాల ఎడంతో నిలువుగా, అడుగు ఎడంతో అడ్డంగా వెల్డింగ్ చేయించాను. రేకు తీసినా జైలు కిటికీ లాగా కమ్మీలు కనిపిస్తాయి. నేను పెట్టిన ఖర్చులో ఇదే పెద్దది. మొత్తం షెడ్డుకు చేయించలేకపోతే మిషన్లుండే మూల వరకు ఒక గది లాగా పక్కలతో సహా చేయించుకోండి.

ఇంత చేసినా ఏ తాళమూ శాశ్వతం కాదు. బ్యాటరీతో నడిచే కటింగ్ మిషన్లు వచ్చాక ఎంత మంచి ఇనుమైనా నిమిషాల్లో తెగుతుంది. కానీ అది మోత చేస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది. నాకు కావలసింది అదే. ఒక చోట కోసి లోపలికొస్తే రెండో చోట కోయాలి, మూడో చోట కోయాలి, అంతసేపూ టీ అంగడి అక్కకు వినపడాలి.

గుర్తు లేని సామాను ఎవరిదైనా ఒకటే

దొంగతనం జరిగిన రెండు నెలలకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక ట్రాలీ ఆటోలో సెంట్రింగ్ షీట్లు దొరికాయి, వచ్చి గుర్తుపట్టండి అన్నారు. ఎగిరి గంతేసి వెళ్ళాను. అక్కడ నాలాంటివాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారు. అందరి షీట్లూ పోయినవే. కానుగ చెట్టు కింద యాభై దాకా షీట్లు పేర్చి ఉన్నాయి. అన్నీ మూడడుగులకు రెండడుగులవి, అన్నిటికీ సిమెంటు పొక్కులు, అన్నిటికీ పాత ఆయిలు మరకలు.

"వీటిలో మీవి ఏవో చూపించండి" అన్నాడు ఎస్సై.

ఒకటి తిప్పి చూశాను, ఇంకొకటి తిప్పి చూశాను. ఇరవై ఏళ్ళుగా ఇదే సామానుతో బతుకుతున్నాను. నా షీటు ఏదో నాకే తెలియలేదు. మాలో ఒకాయన "అన్నీ నావే సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

ఆ వారంలోనే వెల్డర్ని కూర్చోబెట్టాను. ప్రతి షీటు వెనక యాంగిల్ మీద, కుడి మూల, రెండు చుక్కలు ఒక గీత. వెల్డింగ్ రాడ్డుతో వేసింది గాబట్టి పెయింటు కొట్టినా పోదు, గ్రైండింగ్ చేస్తే మచ్చ తెలుస్తుంది. జాకీలకు, షీట్ల కింద అడ్డంగా పెట్టే స్పాన్లకు నంబరు పంచ్ సెట్టుతో కొట్టించాను. మిషన్లకు రెండు చోట్ల, ఒకటి కనపడేట్టు, ఒకటి విప్పితే గానీ కనపడనట్టు. ప్రతి మిషను సీరియల్ నంబరు ప్లేటుకు ఫోటో తీసి, బిల్లుతో కలిపి మా ఇంటావిడ ఫోనుకు పంపించాను. నా ఫోనే పోతే ఎట్లా?

దీనివల్ల దొంగల సంగతి పక్కనపెట్టండి, రోజువారీ గొడవలు సగం తగ్గాయి. ఒకే సైటులో ఇద్దరి సామాను కలిసిపోయి, తిరిగి వచ్చేటప్పుడు పది షీట్లు తక్కువ రావడం మా వ్యాపారంలో మామూలు. ఇప్పుడు చుక్కలు చూసి లెక్క తేల్చుకుంటాం.

గుర్తు వేశాక చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. చుట్టుపక్కల పాత ఇనప సామాన్ల అంగళ్ళకు వెళ్ళాను. రేణిగుంట వైపు కూడా పోయాను. గుర్తు ఫోటో చూపించి, "ఈ గుర్తుండేది ఎవరైనా తెస్తే ఒక ఫోన్ కొట్టన్నా" అని చెప్పి టీ తాగి వచ్చాను. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహితలో 317 సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలుంది. ఆ సంగతి వాళ్ళకు మన కంటే బాగా తెలుసు, నేను చెప్పలేదు. ఆ తర్వాత ఒకసారి ఒక సైటు నుంచి పోయిన షీట్లలో పదకొండు ఇట్లా ఒక అంగడాయన ఫోన్ చేస్తేనే దొరికాయి.

రాగి కేబుల్‌కు మాత్రం గుర్తు పనికిరాదు. తెల్లారేలోపు ఎక్కడో తుప్పల్లో కాల్చి ఉత్త తీగ చేసేస్తారు. దాన్ని పెట్టెలో పెట్టడం తప్ప దారి లేదు.

లైట్లు, కెమెరాలు

లైటు సోలార్‌ది ఒకటైనా పెట్టండి. మీటరు దగ్గర ఫ్యూజు పీకితే మిగతావన్నీ ఆరిపోతాయి, అది ఆరదు. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైట్లు మంచివే, కుక్కకు కూడా వెలుగుతాయి, అలవాటు పడాలి.

కెమెరాలు నలుగురూ పెడతారు కాబట్టి నేనూ పెట్టాను. మొదటిసారి నాలుగూ పదిహేనడుగుల ఎత్తున పెట్టించాను. బొమ్మలో అందరి నడినెత్తీ కనిపిస్తుంది, ముఖం ఒక్కటీ లేదు. గేటు దగ్గర ఒకటి మనిషి ఎత్తులో, లోపలికొచ్చేవాడి ముఖానికి ఎదురుగా ఉండాలి. కెమెరా బొమ్మలు దాచే డీవీఆర్ పెట్టెను టేబుల్ మీద పెడితే దొంగ దాన్నీ తీసుకుపోతాడు. మాది ఇప్పుడు ఇనప పెట్టెలో ఉంది, గాలి ఆడటానికి వెనక చిల్లులు పెట్టించాం. గేటు కెమెరా ఒక్కటి సిమ్ కార్డుది, దాని బొమ్మ నేరుగా ఫోనుకు వస్తుంది. రాత్రుళ్ళు సాలీడు గూడు కట్టి, గాలికి అది ఊగినప్పుడల్లా ఫోను మోగుతుంది. వారానికోసారి చీపురుకట్టతో దులపండి. డీవీఆర్‌లో టైము సరిగ్గా ఉందో లేదో నెలకోసారి చూసుకోండి. గంట తేడా ఉంటే కోర్టులో అదే పెద్ద చర్చవుతుంది.

మనుషులు, రోజులు

మా ఊరికి ఒక చిక్కుంది. తిరుపతి రాత్రి నిద్రపోదు. యాత్రికుల జీపులు, వ్యాన్లు తెల్లవార్లూ తిరుగుతుంటాయి. పల్లెలో రెండు గంటలకు కొత్త బండి వస్తే కుక్కలు, మనుషులు అందరూ లేస్తారు. ఇక్కడ ఎవరూ తల కూడా తిప్పరు. అందుకే బండి కాదు, బండి నా గేటు ముందు ఆగడమే గుర్తు అని టీ అంగడి అక్కకూ, పక్క పంచర్ షాపు పిల్లోడికీ చెప్పి పెట్టాను. గేటు మీద నా నంబరు పెద్దక్షరాలతో రాయించాను.

జాగ్రత్త పడాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. గంగమ్మ జాతర వారం, సంక్రాంతికి కూలీలంతా ఊళ్ళకు పోయే నాలుగు రోజులు, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి. ఆ రాత్రి పోలీసుల్లో ఎక్కువమంది కొండ మీద బందోబస్తులో ఉంటారు. అన్నిటికంటే నవంబరు, డిసెంబరు ముసురు. రేకుల మీద వాన పడుతుంటే లోపల సమ్మెట దెబ్బ కూడా వినపడదు. ఆ రోజుల్లో మేనల్లుడో నేనో యార్డులోనే పడుకుంటాం. స్టేషనుకు ముందే వెళ్ళి, రాత్రి బీటు మా గేటు వైపు కూడా రావాలని అడిగి వస్తాం. అడిగితే వస్తారు.

కాపలాకు ఒక్క ముసలాయన్ను కర్ర ఇచ్చి కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఆయన ప్రాణానికి ఎవరు జవాబు? ఒక కుటుంబానికి గది, నీళ్ళు, కరెంటు ఇచ్చి పెట్టాను. వాళ్ళకు చెప్పిన మాట ఒక్కటే, "ఎవరైనా వస్తే తరమొద్దు. లైటేసి, తలుపేసుకుని 112 కు కొట్టు, తర్వాత నాకు కొట్టు." కుక్కలు రెండున్నాయి, చికెన్ ముక్కకు లొంగే రకం. గిన్నికోళ్ళు ఆరు పెంచాం, అవి లంచం తీసుకోవు. రాత్రి కొత్త అడుగు పడితే మొత్తం వీధి లేస్తుంది. పక్కింటాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు.

తాళంచెవులు వేపచెట్టు మేకుకు తగిలించడం మానేశాం. రెండే రెండు, ఒకటి నా దగ్గర, ఒకటి మేస్త్రీ దగ్గర. తాళంచెవి చేతికిచ్చిన మనిషి ఎవరైనా పని మానేస్తే, గొడవపడి పోయినా మంచిగా పోయినా, తాళంకప్పలు మారుస్తాం.

జరిగిపోతే

దొంగ దొరికితే కొట్టకండి, కట్టేసి వీడియోలు తీయకండి. మామూలు మనిషి పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపినా మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. దొంగతనం ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాపీ లేకుండా పని జరగదు. బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తు కూడా చూపించమంటారు. తాళం వేసింది వేసినట్టే ఉంటే ఇంకా చిక్కు. విప్పిన రేకు, ఆనించిన నిచ్చెన, స్క్రూలు, అన్నిటికీ ఫోటోలు తీయండి.

ఫోటోలే తీయండి, ముట్టుకోకండి. మా మేస్త్రీ ఆ పద్నాలుగు స్క్రూలు లెక్కపెట్టాడని చెప్పాను కదా. నేను కూడా నిచ్చెన తీసి లోపల పెట్టేశాను, స్పానరు కడిగి సంచిలో వేశాను. పది గంటలకు క్లూస్ టీమ్ వాళ్ళు పౌడరు చల్లి చూస్తే, దొరికిన వేలిముద్రలన్నీ మా ఇద్దరివే.